ఏడాది పాటు విదేశంలో ఉంటే పన్ను ఎక్కడ కట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు ఏడాది వీసా వచ్చింది. అంటే ఆ ఏడాదికి నేను ఆ దేశపు పన్ను నివాసినేనా?

వీసా చూసి ఆ మాట చెప్పలేము. నివాసం అన్న ఒక్క మాటను మూడు చట్టాలు మూడు అర్థాల్లో వాడుకోవడమే ఈ విషయంలో గందరగోళానికి మూలం. వలస చట్టం దృష్టిలో నివాసం అంటే ఒక దేశంలో ఉండటానికీ, పని చేయడానికీ ఉన్న అనుమతి. పన్ను చట్టం దృష్టిలో నివాసం అంటే మీ ఆదాయం మొత్తం మీద, అది ప్రపంచంలో ఎక్కడ సంపాదించినదైనా సరే, పన్ను అడిగే హక్కు ఆ దేశానికి ఉందా లేదా అన్న నిర్ణయం. ఇక డొమిసైల్ అనేది ఎక్కువగా ఇంగ్లండు న్యాయ సంప్రదాయం నుంచి వచ్చిన దేశాల్లో కనిపించే భావన. మీరు అంతిమంగా ఏ దేశాన్ని మీదిగా భావిస్తారో దాన్ని అది పట్టి చూస్తుంది. పర్యాటక వీసా మీద వెళ్లి కూడా పన్ను నివాసి అయిన వాళ్లు ఉంటారు. చేతిలో అయిదేళ్ల నివాస కార్డు ఉండి కూడా ఆ దేశంలో పన్ను నివాసి కాని వాళ్లు ఉంటారు.

నివాసి కానంత మాత్రాన పన్ను లేదని కాదు. నివాసి కాని వ్యక్తి ఆ దేశంలో పుట్టిన ఆదాయం మీద మాత్రమే పన్ను కడతాడు. నివాసి అయితే చాలా దేశాల్లో ప్రపంచ ఆదాయమంతా లెక్కలోకి వస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది.

183 రోజులు దాటకపోతే చాలు అంటారు. నిజమేనా?

ఈ ఒక్క అంకెను నమ్ముకుని చిక్కుల్లో పడ్డవారే ఎక్కువ. 365 రోజుల్లో సగానికి మించిన మొదటి అంకె 183 కాబట్టి చాలా దేశాలు దాన్ని గీతగా పెట్టుకున్న మాట నిజం. అయితే ఆ రోజులను ఏ కాలావధిలో లెక్కిస్తారన్నది దేశానికొక తీరు. స్పెయిన్ జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్కిస్తుంది, పైగా మీరు మరో దేశంలో పన్ను నివాసి అని నిరూపించుకోకపోతే మధ్యలో బయటికి వెళ్లివచ్చిన చిన్నపాటి విరామాలను కూడా అక్కడ ఉన్నట్టుగానే చూస్తుంది. న్యూజీలాండ్ ఏ 12 నెలలైనా తీసుకుని లెక్కిస్తుంది. అమెరికా మూడేళ్లు కలిపి చూస్తుంది: ఈ ఏడాది రోజులు పూర్తిగా, కిందటి ఏడాదివి మూడో వంతు, అంతకు ముందు ఏడాదివి ఆరో వంతు కలిపి 183 అయితే, ఈ ఏడాది కనీసం 31 రోజులు అక్కడ ఉండి ఉంటే, పౌరుడు కాని వ్యక్తిని కూడా పన్ను నివాసిగా పరిగణిస్తుంది. ఏటా సరిగ్గా 120 రోజులు ఉండే వ్యక్తికి ఈ లెక్క 120, 40, 20 కలిపి 180 వస్తుంది. ఇంకో మూడు రోజులుంటే గీత దాటినట్టే.

కొన్ని దేశాల్లో గీత ఇంతకంటే చాలా ముందే ఉంటుంది. స్విట్జర్లాండులో పని చేస్తూ 30 రోజులు, పని లేకుండా 90 రోజులు ఉంటే చాలు. జర్మనీలో రోజుల లెక్క కంటే ముందు ఇంటి లెక్క వస్తుంది: మీరు ఉంచుకుని వాడుకునే ఇల్లు అక్కడ ఉంటే, దాని తాళంచెవి మీ జేబులో ఉంటే, మీరు అక్కడ గడిపిన రోజులు తక్కువైనా నివాసి కావచ్చు. బ్రిటన్‌లో 2013 ఏప్రిల్ 6 నుంచి అమలులో ఉన్న చట్టబద్ధ నివాస పరీక్షలో 183 రోజులతో పాటు కుటుంబం, ఇల్లు, పని, గత సంవత్సరాల్లో ఉన్న రోజులు వంటి బంధాలను తూకం వేస్తారు. బంధాలు ఎక్కువైన కొద్దీ అనుమతించే రోజులు తగ్గిపోతాయి.

మరో ముఖ్యమైన సంగతి. 183 రోజులు దాటితే కొత్త దేశంలో నివాసి అవుతారేమో గాని, పాత దేశంలో నివాసం దానంతట అది రద్దు కాదు. కెనడా వంటి దేశాలు ఇల్లు, జీవిత భాగస్వామి, తన మీద ఆధారపడినవారు స్వదేశంలోనే ఉండగా ఏడాది పాటు బయటికి వెళ్లినవారిని సాధారణంగా నివాసిగానే కొనసాగిస్తాయి. ఏడాది అన్నది చాలా పన్ను శాఖల కంటికి తాత్కాలిక ప్రయాణమే.

ఏ తేదీన బయలుదేరితే ఏమిటి? ఎలాగూ ఏడాదే కదా?

నా దృష్టిలో ఈ పేజీలోకెల్లా విలువైన ప్రశ్న ఇదే. మీ ఏడాది, పన్ను శాఖ ఏడాది ఒకటి కావు. భారత్‌లో పన్ను సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది, బ్రిటన్‌లో ఏప్రిల్ 6న, ఆస్ట్రేలియాలో జులై 1న. యూరప్‌లో చాలా దేశాల్లోనూ అమెరికాలోనూ జనవరి 1న. మీరు గడిపే పన్నెండు నెలలు ఈ గీతల మీదుగా ఎలా పడతాయన్న దాన్ని బట్టి మీ హోదా మారిపోతుంది.

భారత్ నుంచి ఉద్యోగం నిమిత్తం అక్టోబరు 1న బయలుదేరి, మరుసటి ఏడాది అక్టోబరు 1న తిరిగివచ్చే పౌరుణ్ని తీసుకుందాం. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా లెక్కిస్తే 183 రోజులు. గీత 182 కాబట్టి ఆ సంవత్సరం నివాసే. తిరిగివచ్చిన సంవత్సరంలో అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా సరిగ్గా 182 రోజులు. 182 లేదా అంతకు మించితే నివాసి కాబట్టి ఆ సంవత్సరం కూడా నివాసే. పన్నెండు నెలలు దేశంలో అడుగు పెట్టని మనిషి ఒక్క సంవత్సరం కూడా ప్రవాసి కాలేదన్న మాట. అదే వ్యక్తి సెప్టెంబరు 25న బయలుదేరి ఉంటే, బయలుదేరిన రోజును కలిపినా మొదటి సంవత్సరం 178 రోజులే అయ్యేవి, హోదా మారిపోయేది. విమానం టికెట్టులో ఆరు రోజుల తేడా, పన్నులో సంవత్సరం తేడా.

ఇక్కడ మరో మెలిక ఉంది. బయలుదేరే సంవత్సరంలో 182 రోజుల వెసులుబాటు ఉద్యోగం కోసం వెళ్లే పౌరులకూ, ఓడల సిబ్బందికీ ఉద్దేశించినది. విహారానికో, చదువుకో ఏడాది సెలవు పెట్టి వెళ్లేవారికి రెండో పరీక్ష వర్తిస్తుంది: ఆ సంవత్సరం 60 రోజులు, దానికి ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు దేశంలో ఉంటే నివాసి. ఎప్పుడూ దేశంలోనే ఉన్నవారికి ఆ 365 తేలికగా నిండిపోతాయి. అంటే జూన్ మొదటి వారంలో బయలుదేరినా వారు నివాసులే.

బ్రిటన్‌లోనూ ఇలాంటి కథే. పూర్తికాలపు ఉద్యోగం మీద బయటికి వెళ్లినవారిని ప్రవాసులుగా గుర్తించాలంటే కనీసం ఒక పూర్తి పన్ను సంవత్సరం బయట గడిచి ఉండాలి. సంవత్సరాన్ని రెండు ముక్కలు చేసి చూసే వెసులుబాటు అక్కడ ఉన్నప్పటికీ, రెండు పన్ను సంవత్సరాల మీదుగా పడిన పన్నెండు నెలలకు అది సాధారణంగా అందదు.

రోజులు లెక్కించడంలో ప్రయాణం చేసిన రోజు ఎటు పోతుంది?

బ్రిటన్‌లో అర్ధరాత్రి మీరు ఎక్కడ ఉన్నారన్నది ప్రధానం; సాయంత్రం విమానం ఎక్కేస్తే ఆ రోజు లెక్కలోకి రాదు. అమెరికాలో రోజులో ఏ కొంత సేపు ఉన్నా అది పూర్తి రోజు. అదే అమెరికా తన పౌరులకు విదేశీ సంపాదన మినహాయింపు ఇచ్చేటప్పుడు మాత్రం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా బయట గడిపిన పూర్తి రోజులనే లెక్కిస్తుంది, వరుసగా వచ్చే 12 నెలల్లో అలాంటివి 330 కావాలి. భారత్ విషయంలో వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ దేశంలో ఉన్నట్టు లెక్కపెట్టుకోవడం క్షేమం. గీతకు రెండు మూడు రోజుల దూరంలో ప్రణాళిక వేసుకోవడం ఎప్పుడూ మంచిది కాదు. ఒక్క విమానం రద్దయితే లెక్కంతా తారుమారవుతుంది.

రుజువులు ఎప్పటికప్పుడు దాచుకోవాలి. పాస్‌పోర్టు ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి తేదీలు చదవడానికి వీలు కాకుండా పోతాయి. యూరప్‌లోని షెంగెన్ దేశాలు 2025 అక్టోబరు 12 నుంచి ముద్రల స్థానంలో యంత్రాలతో రాకపోకలు నమోదు చేసే పద్ధతి మొదలుపెట్టాయి కాబట్టి పాస్‌పోర్టులో ముద్రే ఉండకపోవచ్చు. బోర్డింగ్ పాస్‌లు దాచుకుంటే సరిపోతుందని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. రెండేళ్ల తరవాత కవరు విప్పి చూస్తే వేడికి అచ్చయ్యే ఆ పలుచని కాగితాల మీద అక్షరం మిగలలేదు, బూడిద రంగు మరకలు తప్ప. అప్పటి నుంచి విమానం ఎక్కేలోగానే ఫొటో తీసి, తేదీ, ఊరు, విమానం సంఖ్య ఒక పట్టికలో రాసుకుంటున్నాను.

రెండు దేశాలూ నన్ను తమ నివాసినే అంటున్నాయి. ఇప్పుడు ఎవరి మాట నెగ్గుతుంది?

పైన చెప్పిన అక్టోబరు ప్రయాణికుడికి జరిగేది సరిగ్గా ఇదే. క్యాలెండరు సంవత్సరాన్ని పాటించే దేశానికి అతడు వెళ్లి ఉంటే, మొదటి ఏడాది 92 రోజులే కాబట్టి అక్కడ నివాసి కాడు. రెండో ఏడాది జనవరి నుంచి సెప్టెంబరు దాకా 273 రోజులు కాబట్టి నివాసి అవుతాడు. స్వదేశం అతన్ని వదలనే లేదు. ఆ తొమ్మిది నెలలూ అతడు రెండు చోట్లా నివాసి.

రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంటే దాన్ని తెరిచి చూడాలి. చాలా ఒప్పందాలు ఓఈసీడీ (ఆర్థిక సహకారం కోసం ప్రధానంగా సంపన్న దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ) నమూనాను అనుసరించి రాసుకున్నవే. వాటిలో నాలుగో అధికరణం ఈ చిక్కు విప్పడానికి వరుసగా కొన్ని ప్రశ్నలు వేస్తుంది. శాశ్వతంగా అందుబాటులో ఉన్న ఇల్లు ఎక్కడ ఉంది? రెండు చోట్లా ఉంటే, మీ వ్యక్తిగత, ఆర్థిక బంధాలు ఏ దేశంతో గాఢంగా ఉన్నాయి? అదీ తేలకపోయినా, అసలు ఎక్కడా ఇల్లు లేకపోయినా, అలవాటుగా ఎక్కడ ఉంటున్నారు? అప్పటికీ తేలకపోతే పౌరసత్వం ఏది? దానితోనూ తెగకపోతే రెండు దేశాల అధికారులు మాట్లాడుకుని నిర్ణయిస్తారు. ఒక మెట్టు మీద సమాధానం దొరికితే అక్కడితో ఆగిపోవాలి, తరవాతి మెట్టుకు వెళ్లకూడదు.

మొదటి మెట్టు మీదే చాలా కేసులు తేలిపోతాయి కాబట్టి ఇంటి సంగతి జాగ్రత్తగా ఆలోచించాలి. ఇల్లు సొంతమా అద్దెదా అన్నది ఇక్కడ ప్రధానం కాదు, మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు అందుబాటులో ఉందా అన్నదే ప్రధానం. సొంత ఇంటిని ఏడాదికి మరొకరికి అద్దెకిచ్చి వెళితే ఆ కాలానికి అది మీకు అందుబాటులో లేనట్టే. తాళం వేసి వెళితే ఉన్నట్టే.

ఒప్పందం ప్రకారం ఒక దేశపు నివాసిగా తేలినా రెండో దేశపు సొంత చట్టం కింద రిటర్ను దాఖలు చేసే బాధ్యత మిగిలే ఉంటుంది. ఒప్పందపు ప్రయోజనం దానంతట అది రాదు, అడగాలి. అడగడానికి మొదటి దేశపు పన్ను శాఖ ఇచ్చే పన్ను నివాస ధ్రువపత్రం చూపించాలి. ఇంకో ఆశ్చర్యం: అమెరికా సమాఖ్య ప్రభుత్వం చేసుకున్న ఒప్పందాలను కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు తమ ఆదాయపు పన్ను విషయంలో పాటించవు.

నా జీతం స్వదేశ సంస్థ నుంచి స్వదేశ ఖాతాలోనే పడుతుంది. అలాంటప్పుడు వేరే దేశం పన్ను ఎలా అడుగుతుంది?

డబ్బు ఏ ఖాతాలో పడిందన్నది సాధారణంగా అవసరం లేని వివరం. జీతం విషయంలో పన్ను చట్టాలు చూసేది పని చేసేటప్పుడు మీరు ఎక్కడ కూర్చుని ఉన్నారన్నది. ల్యాప్‌టాప్ ఏ దేశపు బల్ల మీద ఉందో ఆ జీతం ఆ దేశంలో పుట్టినట్టు.

తక్కువ కాలానికి వెళ్లేవారికి ఓఈసీడీ నమూనాలోని పదిహేనో అధికరణం ఒక మినహాయింపు ఇస్తుంది, అయితే మూడు షరతులూ ఒకేసారి నెరవేరాలి. ఏ 12 నెలల్లోనూ అక్కడ ఉన్న రోజులు 183కి మించకూడదు, జీతం ఇచ్చే యజమాని ఆ దేశపు నివాసి కాకూడదు, ఆ జీతపు భారాన్ని అక్కడున్న ఆ సంస్థ శాఖ మోయకూడదు. ఏడాది పాటు ఒకే దేశంలో ఉండేవారు మొదటి షరతు దగ్గరే ఆగిపోతారు.

సంస్థకు చెప్పకుండా వెళ్లి పని చేసుకుంటే?

వద్దు. మీ ఒక్కరి పన్నుతో పోయే సంగతి కాదు ఇది. మీరు అక్కడ కూర్చుని ఒప్పందాలు కుదురుస్తుంటేనో, మీ ఇల్లే సంస్థ కార్యస్థానంగా మారితేనో, ఆ దేశంలో సంస్థకు స్థిర వ్యాపార స్థానం ఏర్పడిందని, దాని లాభంలో కొంత భాగం మీద తమకు పన్ను రావాలని ఆ దేశం అనవచ్చు. 2025 నవంబరులో ఓఈసీడీ సవరించిన వ్యాఖ్యానం ప్రకారం 12 నెలల్లో మొత్తం పని కాలంలో సగానికి తక్కువగా విదేశంలోని ఇంటి నుంచి పని చేస్తే సాధారణంగా ఈ సమస్య రాదు. సగానికి మించితే మాత్రం ఆ ఉద్యోగి ఆ దేశంలో ఉండటానికి వ్యాపారపరమైన కారణం ఉందా అని చూస్తారు. ఏడాది అంటే సగం దాటినట్టే. జీతంలో పన్ను కోత, స్థానిక సామాజిక భద్రత చందాలు కూడా యజమాని మెడకు చుట్టుకుంటాయి.

ఒక దేశంలో ఉంటూ బయటి సంస్థకు ఆన్‌లైన్‌లో పని చేసేవారికి ఇచ్చే డిజిటల్ నోమాడ్ వీసా ఉంటే పన్ను ఉండదట కదా?

దేశాన్ని బట్టి. ఎస్టోనియా 2020లో ఇలాంటి వీసా మొదలుపెట్టింది, కానీ 12 నెలల్లో 183 రోజులు గడిపితే మామూలుగానే పన్ను నివాసిని చేస్తుంది. అదే ఏడాది బార్బడోస్ ఇచ్చిన పన్నెండు నెలల అనుమతిలో బయట సంపాదించిన ఆదాయానికి అక్కడ పన్ను లేదు. క్రొయేషియా కూడా తన నోమాడ్ అనుమతిదారులకు విదేశీ యజమాని ఇచ్చే జీతం మీద మినహాయింపు ఇస్తుంది. స్పెయిన్ మధ్యేమార్గంగా 6 లక్షల యూరోల దాకా 24 శాతం స్థిర రేటు ఎంచుకునే వీలు కల్పించింది, అయితే దానికి గడువులోగా దరఖాస్తు చేయాలి. గడువు ఆరు నెలలే. వీసా ప్రకటనలో పన్ను లేదన్న మాట కనిపించినా, అది ఆ దేశం ఇచ్చిన హామీ మాత్రమే. మీరు స్వదేశంలో ఇంకా నివాసి అయితే అక్కడి పన్నుకు ఈ హామీతో సంబంధం లేదు.

ఏ దేశంలోనూ 183 రోజులు ఉండకుండా తిరుగుతూ ఉంటే ఎక్కడా పన్ను కట్టనక్కరలేదా?

ఈ ఆలోచన వినడానికి బాగుంటుంది గాని, రెండు కారణాల వల్ల ఎక్కువసార్లు విఫలమవుతుంది. మొదటిది, బయలుదేరిన దేశం మిమ్మల్ని వదిలిపెట్టడానికి సాధారణంగా మరో చోట స్థిరపడ్డ రుజువు అడుగుతుంది. రెండోది, కొన్ని దేశాలు ఈ దారిని చట్టంతోనే మూసేశాయి. అమెరికా, ఎరిత్రియా తమ పౌరులు ఎక్కడున్నా పన్ను అడుగుతాయి. భారత్ 2020-21 నుంచి, విదేశీ ఆదాయం పోను మిగిలిన ఆదాయం 15 లక్షల రూపాయలు దాటి, మరే దేశంలోనూ నివాసిగా పన్ను బాధ్యత లేని పౌరుణ్ని నివాసిగానే భావిస్తుంది. అయితే అలాంటివారి విదేశీ సంపాదనను, భారత్ నుంచి నడిపే వ్యాపారపు ఆదాయం మినహా, ముట్టుకోదు.

ఒకే ఆదాయం మీద రెండు చోట్లా పన్ను పడితే నష్టపోవాల్సిందేనా?

రెండు పద్ధతులున్నాయి. కొన్ని దేశాలు విదేశీ ఆదాయాన్ని పన్ను నుంచి మినహాయిస్తాయి. ఎక్కువ దేశాలు అక్కడ కట్టిన పన్నును ఇక్కడి పన్నులో తగ్గిస్తాయి. వెళ్లిన దేశంలో వందకు 20, స్వదేశంలో వందకు 30 పడితే మిగిలిన 10 మాత్రమే స్వదేశానికి కట్టాలి. వెళ్లిన దేశంలోనే 35 పడితే స్వదేశంలో ఏమీ కట్టనక్కరలేదు, కానీ అదనపు 5 ఎవరూ తిరిగి ఇవ్వరు. అమెరికా వంటి కొన్ని దేశాలు మాత్రం ఆ మిగులును తరవాతి ఏళ్లకు మోసుకుపోనిస్తాయి.

కాగితం మీద సులువుగా కనిపించే ఈ లెక్క ఆచరణలో రెండు పన్ను సంవత్సరాలు ఒకదానితో ఒకటి కలవక ఇబ్బంది పెడుతుంది. ఏప్రిల్‌తో మొదలయ్యే సంవత్సరపు రిటర్నులో జనవరితో మొదలయ్యే సంవత్సరపు పన్నును నెలలవారీగా విడగొట్టి చూపాలి. నెలవారీ జీతపు చీటీలు ఉంటే గంట పని, లేకపోతే వారం పని.

స్వదేశంలోని అద్దె, వడ్డీ, షేర్ల సంగతి?

స్థిరాస్తి ఎక్కడుంటే దాని ఆదాయం మీద ఆ దేశానికి ఎప్పుడూ హక్కు ఉంటుంది, మీరు ఎక్కడి నివాసి అయినా సరే. వడ్డీ, డివిడెండ్ల మీద అవి పుట్టిన దేశం కోసుకునే పన్నుకు ఒప్పందాలు గరిష్ఠ రేటు పెడతాయి. షేర్ల లాభాన్ని చాలా ఒప్పందాలు నివాస దేశానికి వదిలేస్తాయి. కెనడాలో అయితే నివాసం నిజంగా తెంచుకుంటే, వెళ్లిన రోజున చాలా రకాల ఆస్తులను అమ్మినట్టే భావించి లాభం మీద పన్ను లెక్కిస్తారు. ఏడాది కోసం ఆ తెగతెంపులు అవసరమా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

బ్యాంకు ఖాతా వేరే చట్టం కిందికి వస్తుంది. భారత్‌లో విదేశీ మారక ద్రవ్య చట్టం ప్రకారం ఉద్యోగానికి వెళ్లిన వ్యక్తి బయలుదేరిన నాటి నుంచే ప్రవాసి, ఆదాయపు పన్ను చట్టం అతన్ని ఇంకా నివాసి అంటున్నా సరే. మామూలు సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకు ఉద్దేశించిన ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలి.

బయటి ఖాతాల గురించి పన్ను శాఖకు తెలుస్తుందా?

తెలుస్తుంది. ఓఈసీడీ 2014లో రూపొందించిన ఉమ్మడి సమాచార ప్రమాణం కింద 2017లో మొదలై ఇప్పుడు వందకు పైగా దేశాల బ్యాంకులు ఖాతాదారుల వివరాలను తమ పన్ను శాఖ ద్వారా వారి నివాస దేశానికి చేరవేస్తున్నాయి; అమెరికా, తన వారి ఖాతాల వివరాలను విదేశీ బ్యాంకుల నుంచి రాబట్టే 2010 నాటి ఫాట్కా చట్టంతో తన దారి తాను వేసుకుంది. ఖాతా తెరిచేటప్పుడు పన్ను నివాసం ఎక్కడని అడిగే ఫారం ఇందుకోసమే. దాన్ని అలవాటుగా నింపకుండా, హోదా మారినప్పుడల్లా సరిచేయాలి. పన్ను పడకపోయినా ఖాతా ఉందని చెప్పే బాధ్యత విడిగా ఉంటుంది: అమెరికా పౌరులూ పన్ను నివాసులూ తమ విదేశీ ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ రోజున 10,000 డాలర్లు దాటినా నివేదిక ఇవ్వాలి, భారత్ నివాసులు రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక నింపాలి.

పెన్షన్, సామాజిక భద్రత చందాలు ఎక్కడ కట్టాలి?

పన్ను ఒప్పందం వీటిని ముట్టుకోదు, వీటికి వేరే ఒప్పందాలుంటాయి. యూరోపియన్ యూనియన్‌లో సంస్థ పంపగా వెళ్లినవారు, స్వదేశంలోనే చందా కడుతున్నారని ధ్రువీకరించే ఏ1 పత్రంతో 24 నెలల దాకా స్వదేశపు వ్యవస్థలోనే కొనసాగవచ్చు. అమెరికా చేసుకున్న ఒప్పందాల్లో ఈ గడువు సాధారణంగా అయిదేళ్లు. పత్రం బయలుదేరే ముందే తీసుకోవాలి. తరవాత తెచ్చుకోవడం సాధ్యమైనా, ఈలోగా కోసిన చందాలు వెనక్కి రాబట్టడం పెద్ద పని.

తిరిగివచ్చాక ఏయే కాగితాలు ఉంచుకోవాలి?

రాకపోకల పట్టిక, ఇంటి అద్దె ఒప్పందాలు రెండు వైపులవీ, నెలవారీ జీతపు చీటీలు, అక్కడ కట్టిన పన్ను రసీదు, అక్కడి పన్ను శాఖ ఇచ్చిన తుది లెక్క, పన్ను నివాస ధ్రువపత్రం. చివరిది అక్కడ ఉండగానే అడిగి తీసుకోవడం మేలు. చిరునామా రద్దయ్యాక ఉత్తరం పాత ఇంటికే పోతుంది, కొత్తగా అద్దెకు దిగినవారు దాన్ని మీకు పంపుతారన్న నమ్మకం లేదు.